కొట్టుట యను విద్య ఇంట నేర్వఁబడు తెఱఁగు

తెలుఁగున కొట్టుట యను క్రియకు జనవ్యవహారమున గల మాఱుపేళ్లను ఒకచోట చేర్చి చూచినచో ఒక విశేషము కానవచ్చును. "బుద్ధి చెప్పుట", "చేయి చేసికొనుట", "నాలుగు తగిలించుట", "వడ్డించుట", "దేహశుద్ధి", "బడితెపూజ" - ఇవి యన్నియు ఒక్క పనికే పేళ్లు. వీనిలో మొదటిది విద్యకు, నాలుగవది భోజనమునకు, అయిదవది శుచికి, ఆఱవది దేవతార్చనకు సంబంధించిన మాటలు. కొట్టువాని కోపము గాని, దెబ్బ తినువాని నొప్పి గాని వీనిలో వినఁబడదు. ఏదో మేలు చేయుచున్నామను ధ్వని మాత్రము వినఁబడును. మఱియొక విశేషము ఇంతకంటె గమనింపఁదగినది. సాటి మగవాని విషయమున జరిగినది జగడము, కొట్లాట. బిడ్డ విషయమునను భార్య విషయమునను జరిగినది బుద్ధి చెప్పుట. భాష ఈ యిరువురను ఒక్క గాటనే కట్టినది.

ఇట్లు కట్టుట మన వ్యవహారభాషతో మొదలయినది కాదు. మనుధర్మశాస్త్రము ఎనిమిదవ యధ్యాయమున 299వ శ్లోకము తప్పు చేసిన భార్యను, పుత్రుని, దాసుని, సేవకుని, తోడఁబుట్టినవానిని త్రాటితోఁ గాని వెదురుబద్దతోఁ గాని కొట్టవచ్చునని యనుమతించుచున్నది. తరువాతి శ్లోకము దెబ్బ వీపుమీఁదనే పడవలెననియు, శిరస్సుపైఁ గొట్టినవాఁడు దొంగకు విధింపఁదగిన దండనమును పొందుననియు నియమించుచున్నది. స్త్రీలు పూజింపఁబడు చోటును గుఱించి యదే గ్రంథమున మూఁడవ యధ్యాయములో నున్న శ్లోకమును ఉపన్యాసకులు వేదికలపై చదువని దినము లేదు; ఈ యెనిమిదవ యధ్యాయపు శ్లోకమును చదువఁగా నేను వినలేదు. ఇళ్లలో మాత్రము ఈ రెండవది యెవరును చదువకయే యమలు జరుగుచుండెను.

ఈ వ్యాసమున విచారింపఁదలఁచిన విషయము ఇది: ఇంట దెబ్బలు తిని గాని, తల్లి దెబ్బలు తినఁగా చూచి గాని పెరిగిన మగబిడ్డ పెద్దవాఁడై తన యాలిని కొట్టుటకు కారణమేమి? రక్తమున వచ్చిన గుణమా? కోపమా? త్రాగుడా? లేక మనస్సున నెలకొన్న యొకానొక యభిప్రాయమా? ఈ ప్రశ్నకు గడచిన నలువదేండ్లుగా లోకమున పలుచోట్ల పరిశీలనలు జరిగినవి. అందొకటి మన విజయవాడలోనే జరిగినది. వాని ఫలితములను సాహిత్యాభిమానులకు పరిచితములైన యుదాహరణములతో చేర్చి చెప్పుట మా యుద్దేశము.

ముందు మన దేశపు పరిస్థితి. హైదరాబాదునకు ఉత్తరమున, బొల్లారము దండువిడిదికి చేరువను, మచ్చ బొల్లారమను నూరు కలదు. పూర్వము పల్లె, అల్వాలు పురపాలకముతో పాటు 2007లో హైదరాబాదు మహానగరపాలకములో చేరినది, 2016 అక్టోబరు నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. నేఁడచ్చట పాత కాపుల యిండ్లు, పింఛను పుచ్చుకొను సిపాయిల యిండ్లు, కట్టడముల పనికి దూరదేశములనుండి వచ్చినవారి రేకుల గదులు, బహుళాంతస్తుల భవనములు ఒండొంటి నానుకొని యున్నవి. గోడలు పలుచనివి, ప్రక్కయింటి యేడుపు వినఁబడును. వినఁబడినపుడు పలుకు మాట మాత్రము మేడలోను రేకుల గదిలోను ఒక్కటే: "అది వాళ్లింటి ముచ్చట, మనకెందుకు?" ఇట్టి యూరికి ప్రత్యేకముగా లెక్క లేదు. జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గృహహింసను గూర్చిన ప్రశ్నలు కొలఁది యిండ్లలోనే యడుగుదురు గనుక, వాని ఫలితములు రాష్ట్రమునకే గాని జిల్లాకు చెప్పఁబడవు. అందుచేత రాష్ట్రపు లెక్కనే చూడవలసియున్నది.

2019-21 సంవత్సరములలో జరిగిన యైదవ సర్వేలో, తెలంగాణమున 18 మొదలు 49 ఏండ్ల లోపు వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 37 మంది భర్తచేత హింస నొందినట్లు చెప్పిరి. దేశమంతటికి ఈ సంఖ్య నూటికి 29. అభిప్రాయముల లెక్క ఇంతకంటె నాశ్చర్యకరము. సర్వేవారు ఏడు కారణములను చెప్పి, వీనిలో ఏదేని యొకదానికి భర్త భార్యను కొట్టుట తగునా యని యడిగిరి: చెప్పకుండ బయటికి పోవుట, ఇంటిని గాని బిడ్డలను గాని పట్టించుకొనకుండుట, ఎదురు చెప్పుట, శయ్యకు నిరాకరించుట, వంట చెడఁగొట్టుట, శీలమును శంకింపఁ జేయుట, అత్తమామలను గౌరవింపకుండుట. తెలంగాణమున నూటికి 84 మంది స్త్రీలు ఏదో యొక కారణమునకు "తగు"నని చెప్పిరి. ఆంధ్రప్రదేశమునను అంతే. పురుషులలో అట్లు చెప్పినవారు తెలంగాణమున నూటికి సుమారు 70. హిమాచలప్రదేశమున స్త్రీలలో 15 మందియే యట్లు చెప్పిరి. ఒకే దేశము, ఒకే చట్టము. అభిప్రాయమున ఇంత దూరము.

స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను మించుట చూచి కొందఱు "చూచితిరా, వారే కోరుచున్నారు" అని పరిహసింపవచ్చును. ఇది పైపై చూపు. కొట్టుట తగునని చెప్పుట వేఱు, కొట్టుట కోరుట వేఱు. తప్పించుకొనరాని దానికి ఒక న్యాయము కల్పించుకొననిచో బ్రదుకు దుర్భరమగును. "నా తప్పు వలన కొట్టెను" అనుకొన్న యామెకు, తప్పు చేయకున్న కొట్టఁడను నాస యొకటి మిగులును. మఱియు నలుగురిలో మాట పోవునను భయము నొప్పి కంటె గొప్పది. మొగుఁడు కొట్టినందుకు గాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చితినను సామెత వినోదమునకు చెప్పినదే యైనను, అందొక కఠినసత్యము దాఁగియున్నది. దేశమంతట హింస నొందిన స్త్రీలలో నూటికి 77 మంది సాయము కోరుట గాని, యెవరితోనైన చెప్పుకొనుట గాని చేయలేదని యదే సర్వే తెలుపుచున్నది. ఈ తల్లియే బిడ్డకు మొదటి గురువు. తండ్రి కొట్టినందులకు కారణము అడిగిన బిడ్డతో ఆమె యేమి చెప్పును? తనకు తాను చెప్పుకొన్నదే చెప్పును.

బిడ్డల సంగతికి వత్తము. భారతప్రభుత్వపు స్త్రీశిశు సంక్షేమశాఖ 2007లో ప్రకటించిన యధ్యయనము పదుమూఁడు రాష్ట్రములలో 12,447 మంది బిడ్డలను ప్రశ్నించి చేయఁబడినది. నాఁటి ఆంధ్రప్రదేశము అందొకటి. ప్రతి మువ్వురిలో నిరువురు బిడ్డలు శారీరకముగా హింసింపఁబడుచున్నారనియు, ఇంట హింసింపఁబడినవారిలో నూటికి 88కి పైగా తల్లిదండ్రుల చేతనే యట్లయిరనియు తేలినది. లైంగికముగా బాధింపఁబడితిమని చెప్పినవారు నూటికి 53. వారిలో సగమునకు మించి మగబిడ్డలు. ఈ కడపటి విషయమును మనవారు విననట్లే యుందురు. ఆఁడుబిడ్డ విషయమున పరువుపోవునని దాఁచుదురు. మగబిడ్డ విషయమున అట్టిది జరుగునని తలఁపనే తలఁపరు. వాఁడేడ్చినను "మగవాఁడవు, ఏడ్తువా?" అని నోరు మూయింతురు. నొప్పిని నొప్పియని చెప్పరాదను పాఠము వానికి అప్పుడే యారంభమగును.

వీథిబడి రోజులను సరసముగా స్మరించుట మన సాహిత్యమున నొక యాచారము. కోదండము, గోడకుర్చీ, గుంజిళ్లు, తొడపాశము - వీనిని ముసలివారు నవ్వుచు చెప్పుదురు. కోదండమనఁగా బాలుని దూలమునకు త్రాటితో వ్రేలాడఁగట్టుట. దానికి రాముని వింటి పేరు పెట్టిన రసికుఁడెవఁడో తెలియదు. "ఆ దెబ్బల చేతనే మేమింతవారమైతిమి" అని వారనుట కద్దు. దెబ్బలు తిని చదువు మాని పశువులను కాచుకొనఁ బోయినవారు ఆత్మకథలు వ్రాయలేదు గనుక, వారి వాదము మనకు వినఁబడదు.

ఇఁక పరిశోధనముల సంగతి. అమెరికాలో 1961లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆల్బర్టు బాండ్యూరా యను మనశ్శాస్త్రజ్ఞుఁడు 72 మంది చిన్నబిడ్డలతో ఒక పరీక్ష జరిపెను. పెద్దవాఁడొకఁడు గాలిబొమ్మను తన్నుట, సుత్తితో మోదుట కొందఱు బిడ్డలకు చూపఁబడెను. తరువాత ఆ బొమ్మతో విడువఁబడినపుడు, చూచిన బిడ్డలు ఆ తన్నులను, ఆ మాటలను గూడ ఉన్నదున్నట్లు అనుకరించిరి. కొట్టుట నేర్చుకొనఁబడునదే యని యిది చూపినది. కాని బొమ్మను కొట్టుట వేఱు, ఇరువదేండ్ల పిమ్మట భార్యను కొట్టుట వేఱు. నడుమ నేమి జరుగును?

ఆ నడిమి సంగతిని డాడ్జి, బేట్సు, పెటిట్టు అనువారు 1990లో కొంత వెలికిఁ దీసిరి. నాలుగేండ్ల బిడ్డలను 300 మందికి పైగా పరీక్షించి, ఇంట దెబ్బలు తిన్న బిడ్డలు ఇతరుల చేష్టలను చదువుకొను తీరే వేఱుగా నుండునని కనుఁగొనిరి. తోడిబిడ్డ పొరపాటున త్రోసినను "కావలెనని త్రోసినాఁడు" అనుకొందురు. ఆ చిక్కును తీర్చుకొనుటకు వారికి తోఁచు నుపాయము కొట్టుట యొక్కటే. ఈ చూపు పెద్దవాఁడగుదాఁక నిలిచిన నేమగును? సాయంకాలము పనినుండి వచ్చిన మగఁడు పిలిచిన భార్య పలుకలేదు. ఆమె వంటలో నున్నదో, యలసినదో, వినలేదో. అతఁడు దానిని తిరస్కారమని చదువుకొనును. అన్నము చల్లారినది, అది యవమానము. ఆమె పుట్టినింటికి ఫోను చేసినది, అది కుట్ర. దెబ్బకు ముందు ఈ తప్పు చదువు కలదు. చిన్ననాఁట దెబ్బ యే క్షణమునఁ బడునో తెలియక తండ్రి ముఖమును కనిపెట్టి చూచిన బిడ్డకు ఈ చదువు ప్రాణరక్షణకు వచ్చినది. పెద్దవానికి అదే చెఱుపు.

చిన్ననాఁటి యనుభవమునకును పెద్దనాఁటి ప్రవర్తనమునకును గల సంబంధమును లెక్కలతో చూపిన వారు పలువురు. విట్‌ఫీల్డు మొదలగువారు 2003లో ప్రకటించిన పరిశీలనమున 8,629 మంది పెద్దవారి పూర్వానుభవములు చూడఁబడినవి. శారీరకహింస, లైంగికహింస, తల్లి దెబ్బలు తినుట చూచుట - ఈ మూఁటిలో నేదొకటి యున్నను, పురుషుఁడు భార్యపై చేయి చేసికొనుట సుమారు రెండింతలుగ నుండెను. మూఁడును కూడినచోట అది 3.8 రెట్లు. అదే పరిశీలనమున, మూఁటిని అనుభవించిన యాఁడుబిడ్డ పెద్దయైన పిమ్మట దెబ్బలు తినుట 3.5 రెట్లు. ఒకే యింటి నుండి వాఁడు కొట్టుట, ఆమె పడుట నేర్చి వెడలిరి.

మన దేశమున దీనిని చక్కఁగా విచారించినది ఉత్తరప్రదేశమున జరిగిన పరిశీలనము. మార్టిన్ మొదలగువారు 6,902 మంది వివాహిత పురుషులు చెప్పిన సమాధానములను పరిశీలించి 2002లో ప్రకటించిరి. తండ్రి తల్లిని కొట్టఁగా చూచి పెరిగినవారు తమ భార్యలను కొట్టుట యధికమని వారు కనుఁగొనుట వింత గాదు. ముఖ్యమైనది వేఱొకటి: అట్టివారిలో, భార్యను అదుపులో నుంచుకొనుట మగని హక్కు అను విశ్వాసము గూడ నధికముగ నుండెను. అనఁగా కొడుకు తండ్రి చేతిని మాత్రమే కాదు, తండ్రి న్యాయమును గూడ వారసత్వముగా పుచ్చుకొనెను. ఈ వ్యాసమున మాకు ప్రధానముగాఁ దోఁచిన విషయమిదియే. తండ్రి కొట్టి యూరకుండఁడు. కొట్టుచు కారణము చెప్పును. "నీ మంచికే", "మాట విననిచో నింతే", "దానికి నోరెక్కువ". బిడ్డ తండ్రిని ప్రేమింపక బ్రదుకలేఁడు. ప్రేమించు తండ్రి యన్యాయము చేయునని నమ్మలేఁడు. కనుక కారణమును నమ్మును. దెబ్బ మచ్చ మానిపోవును, కారణము మనస్సున నిలుచును. తరువాత వానికి పెండ్లి యగును.

విజయవాడ సంగతి ఇచ్చటనే చెప్పవలెను. స్త్రీపురుష సమానత్వమును గూర్చి పురుషులనే యడుగుదమను తలఁపుతో బ్రెజిల్, చిలీ, క్రొయేషియా, మెక్సికో, రువాండా దేశములతో పాటు మన దేశమునను ఒక సర్వే జరిగి, దాని ఫలితములు 2011లో వెలువడినవి. మన దేశమున దానికి ఎన్నుకొనఁబడిన పట్టణములు రెండే: ఢిల్లీ, విజయవాడ. 18 మొదలు 59 ఏండ్ల వారిని ప్రశ్నించిరి. కుటుంబము నిలుచుటకై స్త్రీ హింసను సహింపవలెనని మన దేశపు పురుషులలో నూటికి 65కు మించి చెప్పిరి. పురుషుఁడు భార్యను కొట్టుటతో ముడిపడిన సంగతులు ఏవని చూడఁగా, స్త్రీపురుషులను గూర్చిన బిగిసిన యభిప్రాయములు, పనిలేమి వలని బాధ, చిన్ననాఁటి హింస, త్రాగుడు అని తేలినవి. కృష్ణాతీరపు పట్టణమైనను, ఆఫ్రికాఖండపు రువాండా యైనను ముడి యొక్కటే. "మా యాచారము వేఱు" అనువారు దీనిని కొంచె మాలోచింపవలెను.

త్రాగుడు మాట వచ్చినది గనుక దూబగుంట కథను తలఁపకుండ పోరాదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమము మొదలయినది. రాత్రిబడిలో అక్షరములు దిద్దిన స్త్రీలు తమ బ్రదుకులనే పాఠములుగా చదువుకొనిరి. 1992లో దూబగుంట స్త్రీలు వర్ధినేని రోశమ్మ మొదలగువారి నాయకత్వమున తమ యూరి సారాయంగడిని మూయించిరి. ఆ నిప్పు జిల్లాలన్నింటికి ప్రాకెను. సారాయి పాటలు నిలిచిపోయెను. 1993 అక్టోబరు 1 నుండి సారాయి, 1995 జనవరి 16 నుండి సమస్త మద్యము నిషేధింపఁబడెను. 1997లో ఆ నిషేధము సడలింపఁబడెను. ఆ స్త్రీలు కూలిడబ్బు పోవుటను గూర్చి యెంత చెప్పిరో, రాత్రి పడు దెబ్బలను గూర్చియు నంత చెప్పిరి. వారి యనుభవమును లెక్కలు సమర్థించుచున్నవి: అయిదవ సర్వేలో, తఱచుగా త్రాగి తూలు మగల భార్యలలో నూటికి 70 మంది హింస నొందిరి. కాని ఆ సర్వేలోనే, బొత్తిగా త్రాగని మగల భార్యలలోను 23 మంది కలరు. త్రాగినవాఁడు యజమానిని కొట్టఁడు, పోలీసువానిని కొట్టఁడు, ఇంటికి వచ్చి భార్యను కొట్టును. ఎవరిని కొట్టవచ్చునో తెలియనంతగా నతనికి మైకము కలుగలేదు. సారాయి చేతిని సడలించినది. ఆ చేతికి సెలవిచ్చినది అంతకు ముందే నేర్చిన యభిప్రాయము. తెలంగాణమున గుడుంబా బట్టీలు చెదరఁగొట్టిన యూళ్లలో దెబ్బలు తగ్గిన తగ్గియుండును గాని, తుదముట్ట మానకుండుటకు కారణమిదియే యని మా తలఁపు.

ఇంతవఱకు చదివినవారికి ఒక నిరాశ కలుగవచ్చును: దెబ్బలు తిన్న బిడ్డ యెల్ల కొట్టువాఁడే యగునా? కాఁడు. ఇది రూఢిగా చెప్పవలసిన మాట. చెప్పనిచో అట్టి యిండ్ల బిడ్డలకు అన్యాయము చేసినవారమగుదుము. కాతీ స్పాట్జ్ విడం అను విదుషి 1989లో ప్రకటించిన పరిశోధనమున, చిన్ననాఁట హింసింపఁబడిరని గాని ఉపేక్షింపఁబడిరని గాని న్యాయస్థానపు కాగితములందున్న 908 మందిని, వారితో సరిపోల్చఁదగిన 667 మందిని చూచెను. బాల్యముననే ఏదో నేరమునకు పట్టుబడినవారు మొదటి తెగలో నూటికి 26, రెండవ తెగలో 17. భేదము కలదు. కాని మొదటి తెగలో నూటికి 74 మంది పట్టుబడలేదు గదా. పెండ్లిచూపులలో "వాళ్ల నాయన కొట్టెడివాఁడట, కొడుకును అంతే యగును" అని తేల్చువారు ఈ 74ను మఱతురు.

ఎవరు తప్పించుకొందురు? మన పురాణములలో హింసింపఁబడిన బిడ్డకు ప్రహ్లాదుని మించిన యుదాహరణము లేదు. చండామార్కుల బడిలో దండనము, ఇంట తండ్రి చేత విషము, ఏనుఁగులు, కొండపైనుండి త్రోయుట. అట్టివాఁడు తండ్రి వంటి రాజు కాకపోవుటకు కారణము పౌరాణికుఁడు భక్తియనును. మనశ్శాస్త్రజ్ఞుఁడు మఱియొక సంగతిని గూడ పట్టుకొనును: ఆ బిడ్డకు తండ్రి మాట కంటె వేఱైన మాట వినిపించిన వాఁడొకఁడు ఉండెను, నారదుఁడు. తండ్రి చెప్పిన కారణము లోకమంతటికి కారణము కాదని బిడ్డకు తెలిసినచో సగము భారము తీఱును. అది మేనమామ కావచ్చును, అవ్వ కావచ్చును, బడిపంతులు కావచ్చును.

దగ్గఱి కాలమునకు వచ్చిన, గుడిపాటి వెంకటచలము (1894-1979) తండ్రి కాఠిన్యమును, తల్లి పడిన యిడుములను చూచి పెరిగినవాఁడు. ఆ సంగతి ఆయన దాఁపలేదు. ఆయన స్త్రీలను గూర్చి వ్రాసిన దానితో ఏకీభవింపనివారు మా పాఠకులలో ననేకులుందురు. ఆ వివాదము ఇచ్చట ప్రస్తుతము కాదు. ప్రస్తుతమేమనఁగా, ఆ బాల్యము నుండి ఆయన తండ్రి కారణమును గైకొనలేదు, తల్లి నొప్పిని గైకొనెను. పెద్దవాఁడై బడుల పరీక్షాధికారిగా తిరుగుచు బిడ్డల శిక్షణ యను గ్రంథము వ్రాసి, పెద్దలు తమ యధికారమునకై బిడ్డలను కొట్టి లొంగఁదీయుటను నిరసించెను. స్త్రీ దుఃఖము, బిడ్డ దుఃఖము ఒక్క వేరునుండి పుట్టినవని తెలుఁగున ఆయన వలె గట్టిగా చెప్పినవారు అరుదు. మనువు ఒక్క శ్లోకమున కట్టిన యిరువురను ఆయన ఒక్కమాఱే విడిపింపఁజూచెను.

సాహిత్యములో మాత్రము దెబ్బ మఱియొక దిక్కునకు తిరిగినది. పారిజాతాపహరణమున సత్యభామ కృష్ణుని శిరస్సును కాలఁదన్నిన ఘట్టము ఎఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. ఆ తన్నునకు వేలకొలఁది సభలలో చప్పట్లు మ్రోగినవి. కావ్యమున తన్నఁబడిన శిరస్సు మగనిది యగుటయు, ఇంటిలో అది తఱచు ఆఁడుదానిది యగుటయు గమనించినచో, మన మగవారు ఆ ఘట్టమును అంత సులభముగా మెచ్చుకొనుటకు కారణము తెలియును: ఎన్నఁడును జరుగని దానిని మెచ్చుటకు వ్యయము లేదు. భాగవత దశమస్కంధమున యశోద కఱ్ఱ పట్టుకొని కృష్ణుని వెంటఁబడి, బిడ్డ కన్నులలో భయము చూచి ఆ కఱ్ఱను పాఱవైచుట కలదు. త్రాటితో కట్టిన కథనే మనము చెప్పుకొందుము. కఱ్ఱ పడవేసిన ముచ్చటను హరికథకులు సయితము తొందరగా దాఁటిపోవుదురు.

చట్టముల సంగతి క్లుప్తముగా. భర్త గాని అతని బంధువులు గాని చేయు క్రౌర్యమును నేరముగా నెంచు 498-ఏ సెక్షను 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్పఁబడెను. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయసంహితలో 85, 86 సెక్షనులుగా నున్నది. గృహహింస నుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో చేయఁబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది; దీని క్రింద భార్య ఆ యింటనే నివసించు హక్కును, రక్షణపుటుత్తరువును పొందఁగలదు. బిడ్డలపై లైంగికనేరములకు 2012 నాఁటి ప్రత్యేక చట్టము కలదు. బడిలో కొట్టుటను 2009 నాఁటి నిర్బంధ విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. ఆపదలో నున్న స్త్రీ 181 అను సంఖ్యకు, బిడ్డ 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

మనువు చెప్పిన పట్టికను మరల ముందుంచుకొని చూచినచో ఈ చట్టముల యర్థము స్పష్టమగును. దాసుఁడు మొదట తొలఁగెను, సేవకుఁడును తొలఁగెను, భార్య 1983లోను 2005లోను తొలఁగెను. మిగిలినవాఁడు పుత్రుఁడు. పండ్రెండేండ్ల లోపు బిడ్డకు మేలు కోరి సంరక్షకుఁడు చేసిన పని నేరము కాదని 1860 నాఁటి శిక్షాస్మృతి 89వ సెక్షనులో నుండెను. అదే మాట న్యాయసంహిత 27వ సెక్షనుగా నిలిచియున్నది. ఇల్లు విడిచి యెల్లచోట్ల కొట్టుట తప్పయినది, ఇంట మాత్రము "మేలు కోరి" అను మాటకు చోటున్నది. బుద్ధి చెప్పుట యను మన జాతీయమునకు శాసనభాషలో ఇది యనువాదమువలె నున్నది. పదునొకండేండ్లకు మేలుకోరి కొట్టఁబడినవాఁడు ఇరువది యైదేండ్లకు మేలుకోరియే కొట్టును. అప్పుడు మాత్రము చట్టము అతనిని ప్రశ్నించును. అతఁడు నిజముగనే విస్తుపోవును. మచ్చ బొల్లారము వంటి చోట్ల సంసారపు తగవులను తీర్చు పెద్దలను అడిగి చూడుఁడు, నిందితుఁడైన మగఁడు ముందు చెప్పునది "కొట్టలేదు" అని కాదు, "ఊరకనే కొట్టితినా?" అని.

బిడ్డను ఇంటిలో సయితము కొట్టరాదని శాసించిన మొదటి దేశము స్వీడను; అది 1979లో. దక్షిణాసియాలో మొదటిది మన పొరుగున నున్న నేపాళము, 2018లో. స్వీడను ప్రభుత్వము ఆ చట్టమునకు శిక్ష యేదియు పెట్టలేదు. తండ్రులను చెఱసాలకు పంపుట దాని యుద్దేశము గాదు, కారణమును మార్చుట. అందుకై యా సంగతిని వివరించు చిన్నపుస్తకములను ఇంటింటికి పంపిరి. అంతటితో నూరకుండక పాలడబ్బాలపైఁ గూడ నచ్చు వేయించిరి. ప్రొద్దుట తండ్రియు బిడ్డయు ఒక్క బల్లకడ కూర్చుండి పాలు త్రాగుచు దానిని కలిసి చదివిరి.